డిస్కు రైటర్ కొంటున్నారా? అయితే ఒక్క మాట!

సినిమా పత్రికలో యంత్రాల గొడవేమిటని కనుబొమలు ముడవకండి! ఈ యంత్రం సినిమాకి దూరపు చుట్టమేం కాదు. వేలు విడిచిన మేనమామ అంతటి వాడు. పేరు డిస్కు రైటర్. కుర్రకారు ముద్దుగా పిలుచుకునే పేరు ‘బర్నర్’. ఖాళీ సీడీ మీదా, డీవీడీ మీదా బొమ్మనీ మాటనీ ఎక్కించే సాధనం. ఒకప్పుడు కంప్యూటర్ కొంటే కూడా వచ్చేది. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లో భూతద్దం పెట్టి వెతికినా కనిపించడం అరుదు.

“అంతా ఫోన్లోనే చూస్తుంటే ఇప్పుడు దాన్నెవరు కొంటారండీ?” అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొత్త సినిమాకి హాలుంది. హాలు తప్పితే ఓటీటీ ఉంది. పాట కావాలంటే వేలు కదిపితే చాలు. కానీ ఒక్కసారి మీ ఇంట్లో టీవీ స్టాండు కింది సొరుగు లాగి చూడండి. బీరువా పై అరలో చెయ్యి పెట్టి తడమండి. మేనత్త పెళ్లి, అక్కయ్య ఓణీల వేడుక, మీ మొదటి పుట్టినరోజు, స్కూలు వార్షికోత్సవంలో చిరంజీవి పాటకి మీరు వేసిన స్టెప్పులు... ప్లాస్టిక్ కవర్లలో, రంగు వెలసిన డబ్బాల్లో ఎన్నో దొరుకుతాయి. వాటిని ఏ ఓటీటీ సంస్థా విడుదల చెయ్యదు! వాటికి నిర్మాతలూ మీరే, పంపిణీదారులూ మీరే, ప్రేక్షకులూ మీరే.

వాటిని చదవడానికి ఒక యంత్రం కావాలి. చదివినదాన్ని మళ్లీ భద్రంగా రాసుకోడానికీ ఒక యంత్రం కావాలి. అదృష్టం ఏమిటంటే రెండూ ఒకటే! తక్కువ డబ్బుతో మంచి రైటర్‌ని ఎలా ఎంచుకోవాలో చూద్దాం.

తొందరెందుకంటే...

ఈ డిస్కు కథకి ఫ్లాష్‌బ్యాక్ ఒకటుంది. 1982 లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు కలిసి సీడీని మార్కెట్లోకి తెచ్చాయి. 1993 లో వీడియో సీడీ వచ్చింది. 1996 లో డీవీడీ జపాన్‌లో తెరంగేట్రం చేసింది. 2006 లో బ్లూరే. మన దేశంలో వీడియో క్యాసెట్‌ని పూర్తిగా ఇంటికి పంపేసింది మాత్రం చవక సీడీలే. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకీ, డీవీడీని 34 రూపాయలకీ అమ్మితే జనం నోళ్లు వెళ్లబెట్టారు. కిలో కందిపప్పు కన్నా సినిమా చవక!

ఆ మోజర్ బేర్ కంపెనీ కథ 2018 లో దివాలా కోర్టులో ముగిసింది. డిస్కు డ్రైవులు తయారుచేసే సోనీ ఆప్టియార్క్ సంస్థ 2013 లోనే మూతపడింది. అమెరికాలో డిస్కుల్ని పోస్టులో పంపే వ్యాపారంతో పైకొచ్చిన నెట్‌ఫ్లిక్స్, 2023 సెప్టెంబర్‌లో ఆ శాఖనే కట్టేసింది. ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. రైటర్లకి పేరుపడ్డ పయనీర్ కూడా అదే ఏడు ఆ వ్యాపారాన్ని వేరేవాళ్లకి అప్పగించి పక్కకి తప్పుకుంది.

అంటే హాలు ముందు ‘చివరి రోజులు’ అని అట్ట కట్టారన్నమాట! అట్ట కట్టిన మర్నాడే బొమ్మ ఎత్తేస్తారని కాదు. కానీ చూడాలనుకున్నవాళ్లు బద్ధకించకూడదు. ఇవాళ రెండు మూడు వేలలో దొరికే వస్తువు ఇంకో పదేళ్ల తర్వాత దొరుకుతుందో లేదో, దొరికినా ఏ ధర పలుకుతుందో! అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. యంత్రం దొరికినా మీ డిస్కు అప్పటికి బతికుండకపోవచ్చు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

గవర్నర్‌పేట వీధుల్లో

బెజవాడ గవర్నర్‌పేటకీ సినిమాకీ ఉన్న బంధుత్వం మీకు వేరే చెప్పక్కర్లేదు. 1921 లోనే మారుతీ హాలు వెలిసిన ఊరిది. గాంధీనగర్, గవర్నర్‌పేట సందుల్లో పంపిణీ సంస్థల ఆఫీసులు కిటకిటలాడిన రోజులున్నాయి. ఫిలిం పెట్టెలు ఇక్కణ్ణించే గుడివాడకీ, బందరుకీ, నూజివీడుకీ బయల్దేరేవి. ఒక్కో రీలు వెయ్యి అడుగులు. నిమిషానికి 90 అడుగుల చొప్పున తిరిగితే పదకొండు నిమిషాల బొమ్మ. రెండున్నర గంటల సినిమా అంటే పదమూడున్నర వేల అడుగుల ఫిలిం! దాన్ని మొయ్యాలంటే కూలీ కావాలి. అదే సినిమా వీసీడీ మీదకొచ్చేసరికి రెండు మూడు పళ్లేలకి కుదించుకుపోయింది. డీవీడీలో ఒక్క పళ్లెమే చాలింది. చొక్కా జేబులో పట్టే పదమూడు వేల అడుగులు!

ఆ పెట్టెల రోజులు పోయాయి. హాళ్లలో డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాయి. పేటలో మాత్రం కంప్యూటర్ దుకాణాలు, రిపేరు కొట్లు ఉన్నాయి. మా పిన్ని ఒకరోజు నా చేతిలో రెండు వేల అయిదొందలు పెట్టి, “మీ తమ్ముడికి కంప్యూటర్‌కి ఆ సీడీలు రాసేదేదో కావాలటరా అబ్బాయ్, వాణ్ణొక్కణ్ణే పంపితే దుకాణంవాడు ఏది చూపిస్తే అది తెచ్చేస్తాడు, నువ్వూ వెళ్లు” అంది. తమ్ముడు డిగ్రీ రెండో ఏడు. సినిమా పిచ్చి నాకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు.

ఏలూరు రోడ్డు మీంచి లోపలికి తిరిగి నాలుగు దుకాణాలు ఎక్కి దిగాం. మొదటి దుకాణంలో “రైటరా? ఇప్పుడు పెన్‌డ్రైవులే సార్” అన్నారు. రెండో చోట ఒకటే మోడల్ ఉంది. మూడో చోట అసలు కథ మొదలైంది.

“ఇది బ్లూరే సార్. పదేళ్లు వెనక్కి తిరిగి చూడక్కర్లేదు” అన్నాడు దుకాణం అబ్బాయి. ధర ఎనిమిది వేల పైన. తమ్ముడి కళ్లు ఇంటర్వెల్ ముందు హీరో ఎంట్రీ చూసినట్టు మెరిశాయి.

“మనింట్లో బ్లూరే డిస్కులు ఎన్నున్నాయిరా?” అనడిగాను.

వాడు కాస్త ఆలోచించి, “ఒక్కటీ లేదన్నయ్యా” అన్నాడు.

బేరం అక్కడితో తెగింది. మీరూ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఇంట్లో ఏ డిస్కులున్నాయి? అన్నీ సీడీలు, వీసీడీలు, డీవీడీలే అయితే డీవీడీ రైటర్ చాలు. అది మూడింటినీ చదువుతుంది, మూడు రకాలూ రాస్తుంది. బ్లూరే డిస్కు 25 జీబీ పట్టే మాట నిజమే. కానీ డ్రైవు ఖరీదు, డిస్కులు ఖరీదు. పైగా కొన్న బ్లూరే సినిమా కంప్యూటర్‌లో ఆడాలంటే చాలాసార్లు విడిగా సాఫ్ట్‌వేర్ కూడా కొనాలి. కోతికి కొబ్బరికాయ దొరికినా పగలగొట్టడానికి రాయి వేరే కొనుక్కోవాల్సిన వ్యవహారం!

లోపలిదా, బయటిదా?

డీవీడీ రైటర్లు రెండు రకాలు. ఒకటి పెద్ద కంప్యూటర్ డబ్బా లోపల స్క్రూలతో బిగించేది. రెండోది పుస్తకంలా పల్చగా ఉండి యూఎస్‌బీ తీగతో బయట తగిలించేది.

లోపలిది చవక. ఇది రాసే నాటికి దుకాణాన్ని బట్టి వెయ్యి నుంచి పదిహేను వందల దాకా ఉంది. పనితనంలో దృఢం కూడా. కానీ మీ డబ్బాకి ముందు భాగంలో దానికి అర ఉండాలి. కొత్త డబ్బాల్లో చాలావాటికి ఆ అరే తీసేశారు, ముందంతా అద్దం, రంగుల లైట్లే! లోపల తీగ సంగతి కూడా చూసుకోవాలి. పాత డ్రైవులకి వెడల్పాటి రిబ్బను లాంటి తీగ ఉండేది, దాన్ని ఐడీఈ అంటారు. 2003 తర్వాత సన్నని సాటా తీగలు వచ్చాయి. ఈనాటి మదర్‌బోర్డులకి సాటాదే కావాలి. చవకగా వస్తోందని ఐడీఈ డ్రైవు పట్టుకొస్తే అది కిటికీకి అడ్డం పెట్టుకోడానికే పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి బయటిదే శరణ్యం. పేరున్న కంపెనీది రెండు వేల నుంచి మూడు వేల లోపు వస్తుంది. దీనికో గుణముంది. ఇవాళ మీ ఇంట్లో, రేపు మీ స్నేహితుడి ఇంట్లో, ఎల్లుండి ఊళ్లో మామయ్య ఇంట్లో పని చేయించుకోవచ్చు. ఒక లోపమూ ఉంది. దీనికి కరెంటు యూఎస్‌బీ తీగలోంచే రావాలి. డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడూ, రాసేటప్పుడూ అది ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకని నాలుగు తలల హబ్బుకి తగిలించకండి. కంప్యూటర్‌కే నేరుగా తగిలించండి. పెద్ద డబ్బా అయితే వెనకవైపున్న రంధ్రానికి. కొన్ని డ్రైవులకి రెండు తలల తీగ ఇస్తారు, రెండో తల కూడా కరెంటు కోసమే. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోతోందంటే, డ్రైవుని తిట్టేముందు తీగ సంగతి చూడండి.

మరో సూక్ష్మం. చిన్న వీడియో కెమెరాలతో తీసిన 8 సెంటీమీటర్ల బుల్లి డిస్కులు కొందరి ఇళ్లల్లో ఉంటాయి. పళ్లెం బయటికొచ్చే రకం డ్రైవులో వాటికోసం మధ్యలో చిన్న గుంట ఉంటుంది. సన్నని చీలికలోంచి డిస్కుని లోపలికి లాక్కునే రకం చూడ్డానికి షోగ్గా ఉంటుంది గానీ, బుల్లి డిస్కు వేస్తే లోపలే ఇరుక్కుపోయే ప్రమాదముంది. పళ్లెం రకమే మన ఇళ్లకి మేలు.

అంకెల గారడీ

పెట్టె మీద 52 ఎక్స్, 24 ఎక్స్, 8 ఎక్స్ అని అంకెలుంటాయి. వాల్‌పోస్టరు మీద ‘శతదినోత్సవం’ చూసినట్టు చూసి మురిసిపోకండి. సీడీకి ఒక ఎక్స్ అంటే సెకనుకి 150 కిలోబైట్లు. డీవీడీకి ఒక ఎక్స్ అంటే దానికి తొమ్మిది రెట్లు. లోపలి రకం 24 ఎక్స్ వేగంతో డిస్కు నిండా రాయడానికి అయిదారు నిమిషాలు తీసుకుంటే, బయటి రకం 8 ఎక్స్‌తో పది నిమిషాలు తీసుకుంటుంది. తేడా ఒక టీ తాగే టైము! ఆ టీ కోసం అయిదొందలు ఎక్కువ పెట్టడం దండగ.

“ఇది యూఎస్‌బీ 3.0 సార్, రాకెట్టే” అన్నాడు దుకాణం అబ్బాయి, మరో మూడొందలు కలిపి. డీవీడీ ఎంత పరిగెత్తినా 8 ఎక్స్‌లో సెకనుకి 11 మెగాబైట్లు. పాత యూఎస్‌బీ 2.0 తీగ అంతకి రెండు మూడు రెట్లు సునాయాసంగా మోస్తుంది. సందులో పది కిలోమీటర్ల వేగంతో పోయే రిక్షాకి జాతీయ రహదారి వేసినట్టు ఉంటుంది ఆ 3.0. ఒకే ధరకి వస్తే తీసుకోండి, వద్దనను. దానికోసం ఎక్కువ మాత్రం ఇవ్వకండి.

ప్లస్సా, మైనస్సా అని ఇంకో తగవు ఉండేది. 1997 లో పయనీర్ తెచ్చిన డీవీడీ మైనస్ ఆర్ ఒక వర్గం, 2002 లో వచ్చిన ప్లస్ ఆర్ ఇంకో వర్గం. ఇద్దరు హీరోల అభిమాన సంఘాల్లా కొన్నేళ్లు కొట్టుకున్నాయి. చివరికి డ్రైవుల కంపెనీలే మల్టీస్టారర్ తీసి, రెండూ రాసే డ్రైవులు వదిలాయి. ఇప్పుడు కొత్తవన్నీ ఆ బాపతే. ఇంట్లో చాలా పాత డీవీడీ ప్లేయరు ఉంటే మాత్రం ఖాళీ డిస్కు మైనస్ ఆర్ తీసుకోండి. పాత ప్లేయర్లకి దానితో చుట్టరికం ఎక్కువ.

పాత సరుకు కొనొచ్చా?

రిపేరు కొట్లలో పాత డబ్బాల్లోంచి ఊడదీసిన రైటర్లు అట్టపెట్టెల్లో గుట్టలుగా కనపడతాయి. మాకు మూడొందలకీ, నాలుగొందలకీ చూపించారు. పూర్తిగా పనికిరానివని నేననను. చదవడం, రాయడం అంతా ఓ చిన్న లేజర్ దీపం చలవ. వాడకం పెరిగేకొద్దీ దాని శక్తి తగ్గుతుంది. పళ్లెం నడిపే రబ్బరు బెల్టు సాగిపోతుంది. కాబట్టి పాతది కొనేవాళ్లు కళ్లెదుట పరీక్ష చెయ్యకుండా జేబులో చెయ్యి పెట్టొద్దు.

పరీక్షకి మూడు డిస్కులు తీసుకెళ్లండి. ఒకటి కొన్న సీడీ. ఒకటి ఎప్పుడో ఇంట్లో రాసిన డీవీడీ. ఒకటి ఖాళీది. మొదటి రెండూ చదివిస్తే సగం పాసు. డ్రైవులో సీడీకీ డీవీడీకీ లేజర్ వెలుగులు వేరు వేరు. సీడీకి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్, డీవీడీకి ఎరుపు. ఒకటి పోయి ఒకటి బతికున్న డ్రైవులు బోలెడు. అందుకే రెండూ చూడాలి. మూడో డిస్కు మీద దుకాణంలోనే ఏదో ఒకటి రాయించి, ఇంకో కంప్యూటర్‌లో చదివించండి. అక్కడా చదివితే ఫస్టు క్లాసు. కొత్తది కొన్నా బిల్లు అడిగి తీసుకోండి, ఏడాది వారంటీ ఉందో లేదో చూసుకోండి.

మేము చివరికి కొన్నది ఇదీ: పళ్లెం రకం, బయట తగిలించే డీవీడీ రైటర్, పేరున్న కంపెనీది, రెండు వేల పైచిలుకు. మిగిలిన డబ్బుతో మంచి ఖాళీ డీవీడీలు పది.

తాతయ్య మాట

ఇంటికెళ్లగానే తమ్ముడు ఏదో సినిమా వేస్తాడనుకున్నాను. వాడు బీరువాలోంచి మూడు వీసీడీలు తెచ్చాడు. మా అక్కయ్య పెళ్లి, 2004. మూడోది టీవీ ప్లేయర్లో ఆడక అయిదారేళ్లయింది. “అది చెడిపోయింది” అని ఇంట్లో అందరూ తీర్మానించేశారు.

మా తాతయ్య ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. ఊరందరికీ బొమ్మ చూపించినాయన తను బొమ్మలో ఎప్పుడూ పడలేదు. ఫొటోలు నాలుగున్నాయి. కదిలే బొమ్మ మాత్రం ఆ పెళ్లి వీడియోలోదొక్కటే. 2006 లో పోయాడు. తమ్ముడికి అప్పటికి ఊహ తెలీదు. వాడు ఆయన గొంతు ఎప్పుడూ వినలేదు.

మొదటి రెండు డిస్కులూ చకచకా వచ్చేశాయి. మూడోది వెయ్యగానే డ్రైవు మూలగడం మొదలెట్టింది. తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం. మామూలుగా కాపీ చెయ్యమంటే సగంలో ‘కుదరదు’ అనేసింది. దానికి కారణముంది. వీసీడీలో జాగా కలిసిరావడం కోసం తప్పుల్ని సరిదిద్దే అదనపు ఏర్పాటు కొంత తగ్గించారు. ఒక్క గీత పడినా కంప్యూటర్ మొత్తం ఫైలుని పక్కన పెట్టేస్తుంది. ఇలాంటప్పుడు చెడినచోటు వదిలేసి మిగతాది లాగే సాఫ్ట్‌వేర్ వాడాలి. ఐసోబస్టర్ అలాంటిదే. మెత్తటి గుడ్డతో డిస్కుని మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడిచి (గుండ్రంగా తుడవకూడదు సుమండీ!), మళ్లీ పెట్టి వదిలేశాం. అన్నాలు తినొచ్చేసరికి వచ్చేసింది.

భోజనాల పందిట్లో తాతయ్య కూర్చుని ఉన్నాడు. వీడియో అబ్బాయి దీపం మొహం మీదకి తెచ్చాడు. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఎదురుగా కొట్టకు నాయనా, పక్కనుంచి వెయ్యి, మొహం పేలిపోద్ది” అన్నాడు. ముప్ఫై ఏళ్లు వెలుగుతో కాపరం చేసిన మనిషి మరి! తర్వాత ఓ నవ్వు. అంతే, అరనిమిషం. పక్కనే ఎక్కడో కొన్ని సెకన్లు బొమ్మ పలకలు పలకలుగా విడిపోయింది గానీ, ఆ మాట మాత్రం చెక్కు చెదరలేదు. పిన్ని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, “మళ్లీ వెయ్యండ్రా” అంది. తమ్ముడు నాలుగుసార్లు వేశాడు.

పెద్ద సినిమాలకే దిక్కులేదు, మన ఇంటి సినిమాలకెవరు దిక్కు? 1932 లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ తెలుగువాళ్ల తొలి పూర్తి టాకీ. దాని ప్రింటు ఇవాళ చూద్దామంటే లేదు. 1964 లో పూనాలో జాతీయ ఫిలిం ఆర్కైవ్ పెట్టేనాటికే ఎన్నో మన చిత్రాలు మట్టిలో కలిసిపోయాయి. మన పెళ్లి సీడీలకి పూనాలో అర కేటాయించేవాళ్లెవరూ లేరు. ఆ ఆర్కైవ్ మన బీరువాయే.

ఖాళీ డిస్కుతోనే కిటుకు

ఇందాక ఆపిన భయం సంగతి ఇప్పుడు చెబుతాను. ఇంట్లో రాసే డిస్కులో రంగు పూత ఉంటుంది. లేజర్ ఆ పూతని అక్కడక్కడా కాల్చి గుర్తులు పెడుతుంది. ‘బర్నర్’ అన్న పేరు అందుకే. ఆ రంగు పూత ఎండకీ, వేడికీ, చెమ్మకీ మెల్లగా మాసిపోతుంది. మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందే! మే నెలలో రాళ్లు పగులుతాయి, వానాకాలంలో గోడలు చెమరుస్తాయి. అందుకని:

డిస్కుల్ని కిటికీ పక్కనా, టీవీ మీదా, అటక మీదా పెట్టకండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లని, పొడిగా ఉండే గదిలో, విడివిడి డబ్బాల్లో నిలువుగా పెట్టండి.

బొమ్మ ఉండే పొర సీడీలో పైభాగాన, పేరు రాసే వైపునే ఉంటుంది. పై గీతలే ఎక్కువ ప్రమాదం. బాల్ పెన్నుతో గీకి రాయొద్దు. నీటి ఇంకు మార్కరుతో, మధ్యలో ఉండే గుండ్రటి గాజులాంటి భాగం మీద రాయండి. కాగితం లేబులు అసలు అంటించొద్దు. డీవీడీలో ఆ పొర రెండు పలకల మధ్యన ఉంటుంది కాబట్టి అది కాస్త గట్టి పిండం.

ఖాళీ డిస్కు పేరున్న కంపెనీది కొనండి. పరమ చవకది వద్దు. డ్రైవులో ఆదా చేసిన మూడొందలు ఇక్కడ ఖర్చు పెట్టండి. డిస్కు మీద 16 ఎక్స్ అని ఉన్నా, 8 ఎక్స్‌లోనే రాయండి. రాశాక ‘వెరిఫై’ అన్న గడి టిక్కు పెట్టండి. రాసింది సరిగా పడిందో లేదో యంత్రమే చదివి చూసుకుంటుంది.

అమ్మమ్మ ఇంట్లో పాత ప్లేయర్లో ఆడాలంటే ఫైలుని ఊరికే డిస్కు మీదకి లాగితే చాలదు. ‘డీవీడీ వీడియో’ పద్ధతిలో రాసి, చివర ‘ఫైనలైజ్’ చెయ్యాలి. కంప్యూటర్‌లో దాచుకోడానికైతే మామూలు ఫైలే చాలు. చూడ్డానికి డబ్బు పెట్టి ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. కొత్త విండోస్‌లో డీవీడీ ఆడే ఏర్పాటు లేకపోయినా, వీఎల్‌సీ ప్లేయరు ఉచితంగా దొరుకుతుంది, వీసీడీ, డీవీడీ రెండూ ఆడిస్తుంది.

డిస్కు ఒక్కటే నమ్ముకోకండి. కంప్యూటర్‌లో ఒకటి, వేరే హార్డ్ డిస్కులో ఒకటి, రాసిన డీవీడీ మీద ఒకటి. ఆ డీవీడీ ఇంకో ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంటే మరీ మంచిది.

పెడన కథ మరచిపోకండి

చేతిలో రైటరుందని కొత్త సినిమాల మీద పడేవాళ్లకో మాట. కలంకారీకి పేరుపడ్డ మన పెడన ఊరు 2013 సెప్టెంబర్‌లో ఇంకో విధంగా వార్తల్లోకెక్కింది. పవన్ కల్యాణ్ నటించగా త్రివిక్రమ్ తీసిన ‘అత్తారింటికి దారేది’ విడుదల కాకుండానే, దాదాపు గంటన్నర సినిమా ఇంటర్నెట్‌లోకి పాకిపోయింది. పెడనలో దాని డిస్కులు అమ్ముతున్నారని తెలిసి కృష్ణా జిల్లా పోలీసులు దిగారు, అరెస్టులు జరిగాయి. అక్టోబర్ 9 న రావాల్సిన సినిమాని నిర్మాత హడావిడిగా సెప్టెంబర్ 27 కే విడుదల చెయ్యాల్సి వచ్చింది. ప్రేక్షకులు హాళ్లకే వెళ్లి చూశారు, సినిమా ఘన విజయం సాధించింది. అది మన తెలుగు ప్రేక్షకుల పెద్దమనసు. అన్ని సినిమాలకీ ఆ అదృష్టం పట్టదు.

చట్టం సంగతీ తెలుసుకోండి. 1957 కాపీరైట్ చట్టానికి 2012 లో చేసిన సవరణతో, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కుకి వేసిన రక్షణ తాళాన్ని పగలగొట్టడం కూడా నేరమైంది. 2023 లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో దొంగతనంగా సినిమా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షలకి తగ్గని జరిమానా. ఆ జరిమానా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా పోవచ్చు! ఇంటి డిస్కులు మనవి. వాటిని ఎన్ని కాపీలైనా రాసుకోండి, అడిగేవాడు లేడు. పరాయి సొమ్ము జోలికి పోకండి.

అయిదుగురు కలిస్తే అయిదొందలే!

ఇంతకీ బడ్జెట్ లెక్క. డ్రైవుకి రెండు వేల చిల్లర, ఖాళీ డిస్కులకి మిగతాది, మొత్తం రెండు వేల అయిదొందలు. ఒక్క ఇంటికి ఈ యంత్రంతో నెలంతా పనుండదు. అయిదుగురు స్నేహితులు కలిస్తే మనిషికి అయిదొందలు. బయటి రకం కాబట్టి వంతులవారీగా వాడుకోవచ్చు.

ముందుగా ఏవి కాపీ చెయ్యాలో చీటీ రాసుకోండి. ఇప్పుడు లేని పెద్దలు కనపడే డిస్కులకి మొదటి ఛాన్సు. తర్వాత ఒకే ఒక్క కాపీ ఉన్నవి. కొన్న సినిమాల వంతు అన్నిటికన్నా చివర, అవి ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతాయి. కాపీ చేసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, పందిట్లో కనపడే ఒక్కొక్కరూ ఎవరో అడిగి పేర్లు రాసుకోండి. ఆ పేర్లు చెప్పేవాళ్లు ఉన్నప్పుడే ఆ పని కావాలి.

ఆదివారం ఎలాగూ సెలవే. మార్నింగ్ షో చూసొచ్చి, భోజనం చేసి, ఆ సొరుగు లాగండి. ఎన్ని డిస్కులున్నాయో లెక్కపెట్టండి. సోమవారం దుకాణానికి వెళ్లేటప్పుడు వాటిలో రెండు చేత్తో పట్టుకెళ్లడం మరచిపోకండేం!